నలభై నిమిషాల బ్యాటరీ

“ఎవరూ చూడని దానికి కరెంటెందుకమ్మా?” అంటారు అత్తయ్య.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ ఇల్లంతా ఒక చుట్టు తిరుగుతారు. హాల్లో ఫ్యాను, వంటింట్లో లైటు, పాప గదిలో టేబుల్ ల్యాంపు, ఒక్కొక్క స్విచ్చూ కట్టేసుకుంటూ వచ్చి చివరికి నడవాలో గోడగూటి దగ్గర ఆగుతారు. అక్కడ ఇంటర్నెట్ డబ్బా పక్కన మూత వేసిన పాత లాప్‌టాప్ ఒకటి పగలూ రాత్రీ సన్నగా మూలుగుతూ ఉంటుంది. తెర వెలగదు, బొమ్మ కనిపించదు, దాని ముందు ఎవరూ కూర్చోరు. ఆవిడ దృష్టిలో అది ఖాళీ గదిలో తిరిగే ఫ్యాను లాంటిదే. దాని స్విచ్చు కూడా కట్టేసి, వెళ్లి నడుం వాలుస్తారు. ఇంటర్నెట్ డబ్బా జోలికి మాత్రం పోరు. కొడుకు ఆఫీసు పని అందులోంచే నడుస్తుందని ఆవిడకు తెలుసు.

అప్పుడు నా ఫోను ఒకసారి వణుకుతుంది. గూట్లోది బ్యాటరీ మీదికి మారిందని కబురు. ముసలి బ్యాటరీ, నలభై నిమిషాలు ఓపుతుంది. ఆ లోపు నేను వెళ్లి స్విచ్చు వేయాలి. వెంటనే వేస్తే చప్పుడు ఆవిడకు వినిపిస్తుంది, మనసు కష్టపెట్టుకుంటారు. అందుకని గురక మొదలయ్యేదాకా ఆగుతాను. మొదటి వారం నచ్చజెప్పి చూశాను. రెండో వారం స్విచ్చు పైన కాగితం అంటించాను. కళ్లజోడు లేకుండా ఆవిడ చదవలేరు, మధ్యాహ్నం పూట కళ్లజోడు పెట్టుకోరు. మూడో వారం ఆవిడను మార్చే పని మానేసి మెషిన్నే మార్చాను. కరెంటు తెగగానే నాకు కబురు పంపేలా పదిహేను వరుసల ప్రోగ్రాం రాసి అందులో పెట్టాను. అప్పటి నుంచి మా ఇద్దరికీ పేచీ లేదు.

ఆ లాప్‌టాప్ మా ఆయన పారేయబోయింది. ఆయన సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. మనుషుల చేత పని చేయిస్తారు, తన చేత్తో మెషిను పని చేసి పదేళ్లు దాటింది. వారంలో నాలుగు రోజులు ఇంట్లోంచే పని, పడగ్గదిలో తలుపేసుకుని. కంపెనీ కొత్తది ఇవ్వగానే పాతదాన్ని పాత పేపర్ల కట్ట మీద పడేశారు. తెర సగం నల్లబడింది, కీబోర్డులో నాలుగక్షరాలు పలకవు. నేను అడిగాను. “ఏం చేస్తావు దాంతో?” అన్నారు. ఇంట్లో అందరి ఫోన్లూ ఫోటోలతో నిండిపోయాయి, అన్నీ ఒకచోట పెడతానన్నాను. “సరే, నా కాళ్లకి అడ్డం రాకుండా చూసుకో” అన్నారు. అదే ఆయన ఇచ్చిన అనుమతి.

ఈ పని నాకు కొత్త కాదు. పెళ్లికి ముందూ తర్వాతా కలిపి ఆరేళ్లు ఒక కాలేజీ సర్వర్ గదిలో పనిచేశాను. నలభై మెషిన్లు, నేనూ, ఒక ఏసీ. అక్కడ ఉన్నంతసేపూ స్వెట్టర్ వేసుకునేదాన్ని. ఏ మెషినుకు ఏ జబ్బు చేసిందో, ఏం చేస్తే తగ్గిందో తేదీలతో సహా రాసుకునేదాన్ని. పాపకు రెండో ఏట ఫిట్స్ వచ్చినప్పుడు, ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. ఎవరో ఒకరు అంటే ఎవరో మా ఇంట్లో చర్చకే రాలేదు. పాపకు ఇప్పుడు పదకొండేళ్లు, చివరిసారి ఫిట్స్ వచ్చి ఏడేళ్లు దాటింది. తిరిగి వెళ్లే మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. కానీ ఆడపడుచు ఫోను తెరుచుకోకపోయినా, చిన్నమామయ్యగారి ప్రింటరు మొరాయించినా, మరిదిగారు పాస్‌వర్డు మరిచిపోయినా నాకే ఫోను. ఎవరింటికైనా భోజనానికి పిలిచారంటే నాకు అర్థమైపోతుంది, వాళ్లింట్లో ఏదో పాడయింది. పని చేయించుకుని “నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా, తీరికెక్కువ” అంటారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా వాళ్లకు పనికొచ్చింది, కాకపోతే దాన్ని వైద్యమని ఒప్పుకోలేదు.

మెషిన్ను నడిపించడానికి విండోస్ తీసేసి, డబ్బు కట్టక్కర్లేని లైనక్స్ పెట్టాలని ముందే అనుకున్నాను. అందులోనూ బోలెడు రకాలు. మూడు నెలలకోసారి కొత్త చొక్కా తొడుక్కునేవి కొన్ని, చూడ్డానికి అందంగా ఉండేవి కొన్ని. నేను డెబియన్ ఎంచుకున్నాను. పాతది, నెమ్మదైనది, ఊరికే మారిపోనిది. ఇంట్లో మారిపోయేవాళ్లు చాలినంతమంది ఉన్నారు. ఒక మంగళవారం పొద్దున పాప బడికి వెళ్లాక, పెన్‌డ్రైవులో దాన్ని ఎక్కించుకుని కూర్చున్నాను. పక్కన నా సొంత డిస్కు కూడా తగిలించాను, పని అయ్యాక అందులో ఉన్నవన్నీ కొత్త ఇంట్లోకి మార్చుకోవచ్చని. నా ఆరేళ్ల నోట్సు, సర్వర్ గదిలో స్వెట్టరుతో దిగిన ఫోటోలు, కాలేజీ వాళ్లిచ్చిన అనుభవ పత్రం, అన్నీ అందులోనే ఉన్నాయి. అసలు కాగితం ఇల్లు మారినప్పుడే పోయింది. కాలేజీ మూతపడి నాలుగేళ్లయింది.

లాప్‌టాప్ లోపలి డిస్కూ నా డిస్కూ ఒకే సైజు. తెర మీద ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి, పేరులో ఒక్క అక్షరం తేడా. ఏ డిస్కును తుడిచేయమంటావని అడిగే చోటికి వచ్చాను. సరిగ్గా అప్పుడే పడగ్గది తలుపు తెరుచుకుని, “నా గ్రే చొక్కా ఎక్కడ? మీటింగు మొదలైపోతోంది” అని కేక వినిపించింది. వెళ్లాను. చొక్కా ఎప్పుడూ ఉండే కొక్కేనికే ఉంది. తీసిచ్చి, కాలరు సరిచేసి, నీళ్ల సీసా బల్ల మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చాను. వచ్చి ‘అవును’ నొక్కాను. తెర మీద గీత ఏ డిస్కు పేరు మీద ఉందో వెళ్లేముందు చూశానా, వచ్చాక చూశానా, ఇప్పటికీ నాకు తెలియదు.

తుడుచుకుపోయింది నా డిస్కు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో తర్వాతి వారం రోజులూ తెలిసింది. పోయినవాటిని వెనక్కి తెచ్చే పనిముట్లు ఉంటాయి. అన్నీ వాడి చూశాను. పేర్లూ తలలూ లేని ముక్కలు కొన్ని దొరికాయి. ఒక ఫోటోలో నా భుజం, ఏసీ డబ్బా సగం. బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను. బయటికి వచ్చాక “కళ్లేంటి ఎర్రగా ఉన్నాయి?” అని అత్తయ్య అడిగితే సబ్బు పడిందన్నాను. ఆయనకు చెప్పలేదు. చెబితే “చూసుకోవాలి కదా” అంటారని నాకు తెలుసు. ఆ మాట వింటే గ్రే చొక్కా సంగతి నా నోట్లోంచి వచ్చేస్తుందని కూడా తెలుసు.

ఆ వారం గడిచాక మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి డిస్కు పేరూ దాని పక్కనున్న నంబరూ రెండుసార్లు పైకి చదివి మరీ నొక్కాను. మూత వేస్తే నిద్రపోయే అలవాటు మాన్పించాను. ఇంట్లో అన్ని ఫోన్లకూ దాని దారి చూపించాను. ఆయనకో అర, అత్తయ్యకో అర, పాపకో అర, ఊళ్లు పట్టుకుని ఉన్న బంధువులకో అర. నెల తిరిగేసరికి అది ఇంట్లో కుళాయి నీళ్లలా అలవాటైపోయింది. రాకపోతేనే గుర్తొస్తుంది.

ఆయన స్నేహితుల దగ్గర మొదట్లో “మా ఇంట్లో సర్వర్ పెట్టాం” అనేవారు. వేసవికి అది “పెట్టాను” అయింది. నేను అక్కడే టీ కప్పులు అందిస్తూ ఉండేదాన్ని. సరిదిద్దాలని అనిపించేది. నలుగురిలో మొగుడి మాట తీసేసిన ఆడదాని గురించి మా వాళ్లు ఎన్నేళ్లు చెప్పుకుంటారో గుర్తొచ్చి ఊరుకునేదాన్ని. అలా ఊరుకోవడం కూడా కుళాయి నీళ్లలాగే అలవాటైంది.

మొన్న బుధవారం ఆయన హుషారుగా వంటింట్లోకి వచ్చారు. ఆయన సహోద్యోగి అక్కగారు రక్తపరీక్షల ల్యాబ్ నడుపుతారట. మూడు చోట్ల శాఖలు. సర్వర్ చూసే అతను మానేశాడు, రిపోర్టులు ఆగిపోతున్నాయి. పొద్దున తొమ్మిదిన్నర నుంచి మూడింటిదాకా ఉండే మనిషి కావాలి. “మా సర్వర్ సంగతి చెప్పాను. ఆదివారం వచ్చి చూస్తానన్నారు. శని ఆదివారాల్లో నేను చూసుకుంటానని మాటిచ్చేశాను.”

“మీరా?”

“వెనకాల నువ్వున్నావు కదా. నువ్వు చెప్తావు, నేను వెళ్లి చేసొస్తాను. మంచి పేరొస్తుంది మనకి.”

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది. పొయ్యి కట్టేశాను. తొమ్మిదిన్నర నుంచి మూడు. పాప బడికి వెళ్లి వచ్చే వేళలకు అచ్చంగా సరిపోయే పని. తొమ్మిదేళ్లుగా నేను వెతకడం కూడా మానేసిన పని, నడిచి మా గుమ్మం దాకా వచ్చింది. “నేనే వెళ్తాను” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన కోప్పడలేదు, జాలిగా చూశారు. “నువ్వెళ్తే ఇల్లెవరు చూస్తారు? సరే, వెళ్లావే అనుకో. తొమ్మిదేళ్ల గ్యాప్. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అడుగుతారు, ఉందా నీ దగ్గర?”

లేదన్నాను. ఎందుకు లేదని ఆయన అడగలేదు.

“అదీ సంగతి. నాలుగు ముక్కలు రాసిపెట్టు. ఆదివారం దాకా టైముంది కదా, చదువుకుంటాను.”

రాసిపెట్టాను. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. పాప పాత నోటుబుక్కులో ఎనిమిది పేజీలు, బొమ్మలతో సహా, ఎంత బాగా రాశానంటే చివర్లో నాకే ముచ్చటేసింది. పదమూడేళ్ల కాపురంలో ఎవరేది అడిగినా చేతులు ముందు పనిలోకి దిగుతాయి, మనసు తర్వాత వస్తుంది. వచ్చి చూసేసరికి పని అయిపోయి ఉంటుంది. ఆయన మూడు రోజులు సోఫాలో పడుకుని చదివారు. రెండుచోట్ల “ఇది అర్థం కాలా” అంటే విడమరిచి చెప్పాను. శనివారం సాయంత్రానికి ఆయన నాకంటే ధైర్యంగా ఉన్నారు.

ల్యాబ్ మేడమ్ ఆదివారం పదకొండింటికి వచ్చారు. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, చేతికి పెద్ద గడియారం. కూర్చోమంటే కూర్చోలేదు, ముందు మెషిను చూస్తానన్నారు. నడవాలో గూటి ముందు ఆయన నిలబడి చెప్పారు. బాగా చెప్పారు, నా వాక్యాలే. ఆవిడ తల ఊపుతూ విన్నారు. నేను ట్రేతో వెనక నిలబడ్డాను. ఆరో పేజీలో నేను వేసిన బొమ్మను ఆయన గాలిలో వేలితో గీసి చూపిస్తుంటే నాకు కోపమొచ్చింది. సగం ఆయన మీద, సగం ఆ బొమ్మ అంత శుభ్రంగా వేసిన నా మీద.

హాల్లోకి వచ్చి కూర్చున్నాక ఆవిడ అడిగారు. “ఇది ఎప్పుడైనా ఆగిపోయిందా?”

“ఒక్కసారి కూడా లేదు మేడమ్. ఏడాదిన్నరగా నాన్‌స్టాప్.”

సోఫా చివర కూర్చున్న అత్తయ్య తలెత్తారు. “ఆగకపోవడమేంట్రా? రోజూ మధ్యాహ్నం నేనే కట్టేస్తాను. కాసేపాగి కోడలొచ్చి మళ్లీ వేస్తుంది. నేను నిద్రపోయాననుకుంటుంది.”

ఆయన నా వైపు చూశారు. నోటుబుక్కులో ఆ సంగతి లేదు. దాచిపెట్టాలని కాదు. రోజూ ఫోను వణకడం, గురక కోసం చెవి ఒగ్గడం, మెల్లగా వెళ్లి స్విచ్చు వేయడం, ఏడాదిన్నరలో ఒక్క రోజు తప్పకుండా చేసిన ఆ పని రాయాల్సినంత పనిగా నాకే తోచలేదు. ఇంట్లో వాళ్లు నా పనిని లెక్కపెట్టరని ఎన్నిసార్లు ఏడ్చానో. నేను మాత్రం ఏం లెక్కపెట్టాను?

మేడమ్ ఆయన్ను వదిలేసి నా వైపు తిరిగారు. “బ్యాటరీ ఎంతసేపు వస్తుంది?”

“నలభై నిమిషాలండి. ఎండలు ముదిరితే ముప్పై అయిదు.”

“మీకెలా తెలుస్తుంది, కట్టేశారని?”

చెప్పాను. ట్రే ఇంకా చేతిలోనే ఉందని మధ్యలో గమనించి బల్ల మీద పెట్టాను. ఆవిడ నవ్వారు. “మా దగ్గర నేల తుడిచే ఆవిడ ప్లగ్గు పీకేస్తుంది. ముందున్నతను ఆవిణ్ణి తీసేయమన్నాడు.”

“ఆవిణ్ణి తీసేయడం ఎందుకండీ, తుడిచే మెషినుకి ఆ పక్కనే ఇంకో ప్లగ్గు పెట్టిస్తే పోతుంది కదా. అయినా పీకుతుంది, అలవాటు కదా. అందుకని పీకినా నడిచేలా పెట్టుకోవాలి.”

ఆవిడ టీ తాగారు. తాగి, కప్పు కింద పెట్టి, “దీనివల్ల ఎప్పుడైనా ఏమైనా పోగొట్టుకున్నారా?” అన్నారు.

“ఛ, లేదు మేడమ్” అన్నారు మా ఆయన.

ఆవిడ నన్నే చూస్తున్నారు. లేదంటే సరిపోయేది. ఉద్యోగం అడిగే మనిషి తన తప్పు తానే చెప్పుకుంటుందా? కానీ ఏడాదిన్నరగా ఎవరూ అడగని ప్రశ్న అది. అడిగిన మనిషికి అబద్ధం చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

“పోగొట్టుకున్నానండి. పెట్టిన రోజే నా డిస్కు నేనే తుడిచేశాను. ఆరేళ్లు కాలేజీలో చేసిన పని, నోట్సు, సర్టిఫికెట్టు, అన్నీ పోయాయి. అందుకని మీకు చూపించడానికి నా దగ్గర కాగితం ఒక్కటి కూడా లేదు.”

“ఏమిటీ?” అన్నారు మా ఆయన. నాతో కాదు, ఎవరితోనో అన్నట్టు.

మేడమ్ “ముందున్నతను ఒక్కటీ పోలేదనేవాడు. మూడు నెలల రిపోర్టులు పోయాక కూడా అదే మాట. మీరు ఆ తర్వాత ఏం మార్చారు?” అని అడిగారు.

లేచి నా ఫోనులోంచి చూపించాను. అన్నింటికీ రెండో నకలు పాప అలమరాలో ఇంకో డిస్కులో ఉంటుంది. నకలు ఉంటే చాలదు, నెలకోసారి ఏదో ఒక ఫోటో పోయిందనుకుని వెనక్కి తెచ్చి చూస్తాను. కిందటి నెల అత్తయ్య పెళ్లి ఫోటో తెచ్చాను. “నా ఫోటోనా?” అని అత్తయ్య దగ్గరికి జరిగారు. పావుగంట మాట్లాడాను. ఆ హాల్లో నేను అంతసేపు ఒకటే మాట్లాడటం అదే మొదలు.

“రేపట్నుంచి రాగలరా?” అన్నారు మేడమ్. “నెల రోజులు చూద్దాం. నాకు నచ్చకపోతే మొహమాటం లేకుండా చెప్పేస్తాను. మీకు నచ్చకపోతే మీరూ చెప్పేయండి.”

మా ఆయన ముందుకు వంగారు. “రేపే అంటే కష్టం మేడమ్. ఇంట్లో అమ్మ, పాప... తను ఫోన్లో చెప్తూ ఉంటుంది, శని ఆదివారాలు నేనే వచ్చి...”

“నేను ఆవిణ్ణి అడిగానండి.”

“వస్తాను” అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. ఈసారి కూడా మనసుకంటే ముందే వచ్చేసింది. కాకపోతే మనసు వెనకాలే పరిగెత్తుకుంటూ వచ్చి పక్కన నిలబడింది.

ఆవిడ వెళ్లాక భోజనాలు చేశాం. పాప తన పళ్లెం తీసుకుని గదిలోకి పోయింది. అత్తయ్య ఎవరి వైపూ చూడకుండా తిని, చేయి కడుక్కుని, “రేపు పొద్దున ఎనిమిదింటికల్లా కూరగాయలు తరిగి పెడతాను” అని మాత్రం చెప్పి వెళ్లి పడుకున్నారు. ఆ రోజు ఆవిడ ఏ స్విచ్చూ కట్టేయలేదు.

ఆయన బల్ల దగ్గరే ఉండిపోయారు. “పరాయి మనిషి ముందు నన్ను అబద్ధాలకోరును చేశావు” అన్నారు చివరికి. “డిస్కు పోయిందని నాకు చెప్పాలని కూడా అనిపించలేదా?”

“చెప్పి ఉండాల్సింది” అన్నాను. “మీరు గ్రే చొక్కా కోసం పిలిచినప్పుడు జరిగింది. వెళ్లకుండా ఉండాల్సింది, వెళ్లాను. వచ్చాక చూసుకోవాల్సింది, చూసుకోలేదు. అదంతా మీ తప్పని అనను.”

ఆయనకు చొక్కా గుర్తు రాలేదు. నాకు తెలుసు, ఎందుకు గుర్తుంటుంది? నీళ్ల గ్లాసు అటూ ఇటూ తిప్పి, “మరి ఇక్కడిది? మధ్యాహ్నం అమ్మ కట్టేస్తే ఎవరు వేస్తారు? పాడైతే ఎవరు చూస్తారు?” అన్నారు.

“మీరు ఇంట్లోనే ఉంటారు కదా.”

“నాకు అవన్నీ రావు” అన్నారు.

ఈ మాట మా ఇంట్లో పాతదే. పొయ్యి వెలిగించడం నాకు రాదు, పాపకు జడ వేయడం నాకు రాదు, ఏ మందు ఎప్పుడు వేయాలో నాకు రాదు. పదమూడేళ్లుగా ఆయన ఆ మాట అనగానే సంభాషణ అక్కడితో ముగిసేది, నేను లేచి ఆ పని చేసేదాన్ని. ఈసారి కూడా కాళ్లు లేవబోయాయి. వాటిని నేల మీదే నొక్కిపట్టి కూర్చున్నాను.

“నేర్పిస్తాను” అన్నాను. “ఈ గిన్నెలు కడిగేసి రండి, మొదలుపెడదాం.”